ఉమ్మడి గోడలో ఉప్పు

"సంతకం పెట్టక్కా. ఇంకెంతసేపు చూస్తావు దాన్ని?"

పొద్దుట్నుంచి బూన్ హాక్ ఆ మాట అనడం ఇది మూడోసారి. టైపు చేయించిన కాగితం కాఫీ కప్పుల మధ్య ఉంది. స్వీ గైక్ దాన్ని చదివింది, మడిచింది, మళ్లీ విప్పింది. పెన్ను మాత్రం ముట్టుకోలేదు.

భోజనాల బల్ల రోజూ ఉండే చోట లేదు. ఆ చోట ఇప్పుడు నాలుగు ఇనుప జాకీలు నిలబడి మేడను మోస్తున్నాయి. మంగళవారం మధ్యాహ్నం మేడకింది దూలం ఒకటి గోడలోంచి ఊడి జానెడు కిందకి వాలింది. వాలుతూ గోడలో బారెడు ముక్కను పక్కింట్లోకి తోసింది. సరిగ్గా ఆ వేళకు పక్కింట్లో పో కిమ్ మెట్లు దిగుతోంది.

"చెయ్యి రెండు చోట్ల విరిగిందట," అంది స్వీ గైక్.

"విరిగింది కాబట్టే తొందర," అంది మరదలు లే చూ, రొట్టెకి కొబ్బరి జామ్ రాస్తూ. "ఆవిడ ఆ కట్టు చూపించి నాలుగు కన్నీళ్లు కార్చిందంటే ఆఫీసరు కరిగిపోతాడు. ఈలోపు మన కాగితం ఆయన చేతిలో పడాలి వదినా."

"సాయంత్రం నాలుగింటికి వస్తాడు," అన్నాడు హాక్. "టైమెంతో చూడు."

వీధి తలుపు మీద మున్సిపాలిటీ వాళ్లు అంటించిన నోటీసు ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది. ఎవరివల్ల ఉమ్మడి గోడ చెడిందని తేలితే వాళ్ల ఇల్లు ఏడు రోజుల్లో ఖాళీ చేయించి, అటువైపునుంచి గోడ విప్పి మళ్లీ కడతారు. రెండో ఇంటివాళ్లు జాకీల మధ్య సర్దుకుని ఉండొచ్చు.

ఆ రెండో ఇంటివాళ్లు తాము కావాలన్నదే కాగితం సారాంశం.

"పక్కింటి యజమానురాలు పందొమ్మిది వందల డెబ్బై మూడులో ఉమ్మడి గోడకు ఆనించి స్నానాలగది కట్టుకున్నందువల్ల, ఆ నీరు ఇరవై నాలుగేళ్లుగా గోడలోకి దిగి..." అని మొదలైంది అది. ఆ మాటలు హాక్ కల్పించినవి కావు. స్వీ గైక్‌వే. మార్కెట్లో చేపలవాడి దగ్గరనుంచి తను కుట్టుపని నేర్పిన బడిలో టీచర్ల వరకు, ఆ స్నానాలగది సంగతి ఆమె చెప్పనివాళ్లు ఈ ఊళ్లో లేరు. తన నోటి మాటే టైపు అక్షరాల్లో చూస్తే ఈ వేళ ఎందుకో చెయ్యి రావడం లేదు.

"కొక్ సాంగ్ ఉన్నాడా, పోయాడా?"

ముగ్గురూ తలలు తిప్పారు. ముందు గదిలో, పూర్వీకుల పటాల కింద, నల్లచేవ కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. ఎనభై నాలుగేళ్ల మనిషి. చెవులు మందగించాయంటారు గాని, తనకు కావలసిన మాట ఏ గదిలో అన్నా వినబడుతుంది. దూలం పడిన దగ్గర్నుంచి ఆ కుర్చీలోనే ఉంటోంది. అక్కడే తిండి, అక్కడే కునుకు.

"ఎవరత్తయ్యా కొక్ సాంగ్?" అంది లే చూ.

"సున్నం మేస్త్రి. ఈ గోడ కట్టింది వాడి తాత. వాణ్ణి పిలిచి చూపించండి. పక్కింటిదే తప్పని వాడంటే సంతకం పెట్టుకోండి."

"ఆయన రాడమ్మా," అంది స్వీ గైక్ నెమ్మదిగా.

"నువ్వు పిలిస్తే రాడు. నేను పిలిచానని చెప్పు, వస్తాడు."

లే చూ అయోమయంగా భర్త వంక చూసింది. హాక్ కాఫీలో చెంచా తిప్పుతూ ఉండిపోయాడు. కప్పులో కాఫీ ఎప్పుడో అయిపోయింది.

* * *

కొక్ సాంగ్ మేస్త్రి పన్నెండున్నరకు సైకిల్ రిక్షా దిగాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. నడుం వంగింది, చేతులు మాత్రం ఇంకా మనిషికి మించిన కొలతలోనే ఉన్నాయి. చాంద్రమానం తొమ్మిదో నెల పూజలని వీధంతా నీచు మానేసి, వసారాల్లో పసుపు జెండాలు కట్టింది. వాటి కిందనుంచి తల వంచుకుని వచ్చి గడప బయట ఆగాడు.

"లోపలికి రావచ్చా టీచరమ్మా?"

దెప్పిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగాడు.

ఇరవై మూడేళ్ల క్రితం ఇదే గడప దగ్గర ఆమె ఆయనతో అంది, "ఈ గుమ్మంలో ఇంకోసారి కాలు పెట్టకండి" అని. హాక్ పెళ్లి పదిహేను రోజుల్లో ఉంది. నాన్న పోయి ఏడాది. ఇంటి పెద్ద తనే. పెళ్లికూతురు తరఫువాళ్లు ఇపో పట్నం నుంచి కార్లలో వస్తారు, వాళ్లవి కొత్త ఇళ్లు, నున్నటి గోడలు. మన గోడ ముట్టుకుంటే చేతికి సున్నం అంటుతుంది. సిమెంటు పూయించేద్దామంది.

"వద్దమ్మాయ్," అన్నాడు అప్పుడు మేస్త్రి. "ఈ గోడకి సిమెంటు సరిపడదు. ఊపిరాడదు దానికి."

"గోడకి ఊపిరేంటి? మీ సున్నం పని పోతుందనే కదా మీ బాధ?"

పనివాళ్లందరి ముందూ అంది ఆ మాట. ఆయన సున్నం తొట్టి అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. వారం తర్వాత ఆమే దాన్ని చెత్తబండి మీద వేయించింది.

"రండి," అంది ఇప్పుడు. "రండి మేస్త్రి గారూ."

ఆయన ముందు అమ్మకు దణ్ణం పెట్టాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని "బక్కచిక్కిపోయావురా" అంది. తర్వాత జాకీల మధ్యనుంచి వంగి గోడ దగ్గరకు వెళ్లాడు.

ముందు అరచెయ్యి ఆనించాడు. తర్వాత వేలి కణుపులతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మోకాలి ఎత్తులో, నడుం ఎత్తులో, తల ఎత్తులో. చివరికి సంచీలోంచి చిన్న సుత్తి తీసి ఒకే ఒక దెబ్బ కొట్టాడు.

తలుపు రెక్కంత సిమెంటు పెచ్చు గోడనుంచి విడివడి, నిలువునా నిలబడినట్టే నిలబడి, నేల మీద పడి ముక్కలైంది.

లే చూ చిన్నగా కేక పెట్టింది.

వెనక ఇటుకలు లేవు. ఇటుకలు ఉండాల్సిన చోట ఎర్రటి పొడి ఉంది. పొడి మీద తెల్లగా, దట్టంగా, ఉప్పు. మేస్త్రి వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"సముద్రం," అన్నాడు.

"పక్కింటి స్నానాలగది..." అంటూ మొదలుపెట్టాడు హాక్.

"స్నానాలగది నీళ్లు ఉప్పగా ఉంటాయా బాబూ?"

హాక్ గోడ మీది ఉప్పు వంక చూశాడు.

"ఇది సముద్రాన్ని పూడ్చిన నేల. మా తాత ఈ వరస కట్టేనాటికి వీధి చివర పడవలు కట్టేసేవాళ్లు. ఆరిళ్లు, ఏడు గోడలు. ఎవరి గోడా ఎవరి సొంతం కాదు, ఇటు దూలాలూ దానిలోకే, అటు దూలాలూ దానిలోకే. కింద ఉప్పునీరు ఉంటుందని ఆయనకి తెలుసు. అందుకే గానుగ సున్నంతో కట్టి, గానుగ సున్నమే పూశాడు. గోడ కిందనుంచి తడి పీల్చుకుంటుంది, రెండువైపులా ఆరబెట్టుకుంటుంది. పైన పూత పొడి రాలుతుంది, నాలుగేళ్లకోసారి మళ్లీ పూసుకుంటాం. రాలితే పూతే రాలేది. ఇటుక రాలేది కాదు."

"సిమెంటు వేస్తే?" అంది స్వీ గైక్. జవాబు తెలిసే అడిగింది.

"ఇటువైపు దారి మూసుకుపోయింది. తడి ఎటు పోవాలి? పైకి ఎక్కింది. పక్కింటి వైపు మళ్లింది. ఎక్కి ఎక్కి దూలం కొసల దాకా వెళ్లింది. చెక్క లోపల్లోపల పుచ్చిపోయింది. మీకు మాత్రం నున్నగానే కనబడింది."

ఆయన పక్కింటికి కూడా వెళ్లి చూసి వచ్చాడు. అరగంట పట్టింది. స్నానాలగది మూల తవ్వి చూశానని, గొట్టం చెక్కుచెదరలేదని, అక్కడి మట్టి పొడిగా ఉందని చెప్పాడు. పో కిమ్ ఏమందని ఎవరూ అడగలేదు. ఆయన చెప్పలేదు.

వెళ్లబోతూ గడప దగ్గర ఆగాడు. "టీచరమ్మా, ఆ రోజు నేను ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది. నాకూ రోషం వచ్చింది. వెళ్లిపోయాను."

"మీ తప్పేముంది ఇందులో?"

"గోడ మా తాతది కదమ్మా," అన్నాడు ఆయన.

* * *

రెండు గంటలకు మండువాలో ఎండ నిలువుగా దిగింది. హాక్ అక్కడ గచ్చు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"మేస్త్రి అన్నది ఈ ఇల్లు దాటకూడదు," అన్నాడు.

"పో కిమ్ ఇంట్లో తవ్వి చూసి వచ్చాడురా ఆయన. ఇల్లెప్పుడో దాటింది."

"ఆవిడకి తెలిస్తే తెలియనీ. రుజువేది? ఊడిన పెచ్చు ఊడ్చేస్తే సరి. దూలంతో పాటు పడిందందాం. నువ్వు ఇరవయ్యేళ్లుగా ఏం చెబుతున్నావో అదే ఇవాళ కూడా చెప్పు. కొత్తగా అబద్ధం ఆడమన్నానా?"

"ఇన్నాళ్లూ అబద్ధమని తెలియక చెప్పాను."

"అయితే ఇవాళ ఒక్కరోజు తెలియదనుకో!"

లే చూ తడి బట్టలు దులుపుతూ అందుకుంది. "మీ అక్కకి న్యాయం గుర్తొచ్చింది. ఎన్నాళ్లకి! నేను కొత్తకోడలిగా వచ్చిన రెండేళ్లకి పక్కింటావిడ నవ్వితే నేను తిరిగి నవ్వానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు ఈవిడ. గుర్తుందా వదినా?"

గుర్తుంది. స్వీ గైక్ తల దించుకుంది.

"నిన్ను అనడం కాదు," లే చూ గొంతు తగ్గించింది. "అత్తయ్య సంగతి ఆలోచించు. ఈ కుర్చీలోంచి లేపి ఎక్కడో అద్దె గదిలో పడేస్తే, ఆ మనిషి నెల రోజులు బతుకుతుందా? పక్కింటావిడ ఒంటరిది. ఆవిడకి వాళ్ల అక్క కొడుకు ఫ్లాటు ఉంది. లిఫ్టు కూడా ఉంది."

అది నిజం. అదే కష్టం.

"నా పెళ్లి కోసమే కదా నువ్వు పూయించింది," అన్నాడు హాక్ ఉన్నట్టుండి. "నేను వద్దనలేదు. నాకూ నున్నటి గోడలే కావాలనిపించింది. వీళ్ల నాన్న వచ్చి గోడ మీద చెయ్యి వేసి మెచ్చుకుంటుంటే ఎంత గర్వపడ్డానో నాకు తెలుసు. తప్పు నీ ఒక్కదానిదే కాదక్కా. అందుకే నువ్వొక్కదానివే వెళ్లి ఒప్పేసుకుంటానంటే నాకు ఒళ్లు మండుతోంది."

ముందు గదిలోంచి అమ్మ గొంతు వినబడింది.

"అప్పుడు నన్ను అడిగింది అది. సిమెంటు పూయించనా అమ్మా అని. మీ నాన్న పోయిన దుఃఖంలో ఉన్నాను. నీ ఇష్టం అన్నాను. కొక్ సాంగ్ చెప్పింది నిజమని నాకు తెలుసు. మా అత్తగారు చెప్పేది ఎప్పుడూ, ఈ గోడలకి సున్నమే ప్రాణమని. ఒక్క మాట అంటే ఆగిపోయేది."

మండువాలో తొట్టిలోని చేపలు నీటి మీదకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి.

"నాకోసం అబద్ధమాడకండి," అంది అమ్మ. కాసేపటికి మళ్లీ అంది, "నేను మాత్రం లేవను."

* * *

రెండు గుమ్మాల మధ్య వసారాలో ఏడడుగులు. ఇరవై ఒక్క ఏళ్లుగా స్వీ గైక్ ఆ ఏడడుగులు నడవలేదు. వీధిలోకి దిగి, ఎదుటి వసారా మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేది మార్కెట్టుకు. ఇవాళ నేరుగా నడిచింది.

పక్కింటి తలుపు తీసే ఉంది. లోపల ఇటుక ముక్కలు ఒక వారకు ఊడ్చి ఉన్నాయి. మెట్ల పక్కన చిన్న పీట మీద పో కిమ్ కూర్చుని, మెడకు కట్టిన గుడ్డలో కుడిచెయ్యి పెట్టుకుని, ఎడమచేత్తో కూరగాయ తరగడానికి అవస్థ పడుతోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. దూరంనుంచి చూసినప్పుడు ఇంత తెలుపు కనబడలేదు.

"ఇలా తే, నేను తరుగుతాను," అంది స్వీ గైక్. ముందుగా అనుకుని వచ్చిన మాట అది కాదు.

పో కిమ్ తల ఎత్తింది. కత్తి కింద పెట్టింది గాని అందించలేదు.

"కూర్చో. నిలబడితే నాకు మెడ నొప్పి."

స్వీ గైక్ మెట్టు మీద కూర్చుంది. కూర్చున్నాక ఎదురుగా గోడ కనబడింది. పగిలిన చోటుకు ఇటువైపు సున్నపు గోడ ఇంకా నిలిచే ఉంది. మచ్చలు మచ్చలుగా తడి. ఆ తడి పక్కన, నేలకు మూరెడు ఎత్తునుంచి మొదలుపెట్టి, ఒకదాని మీద ఒకటిగా సన్నటి పెన్సిలు గీతలు. ఒక్కో గీత పక్కన ఒక్కో ఏడాది. అన్నిటికన్నా పైది దూలం కిందకి చేరింది.

వీధిలో శాకాహారం అమ్మే బండి గంట కొట్టుకుంటూ పోయింది.

"తప్పు నాదే," అంది స్వీ గైక్. "నీ స్నానాలగది కాదు. నేను వేయించిన సిమెంటు. ఇవాళే తెలిసింది నాకు."

"నాకు తెలుసు."

"ఇందాక మేస్త్రి చెప్పాడా?"

"ఇందాక కాదు. మా ఆయన చనిపోయిన ఏడు." పో కిమ్ కళ్లతోనే గోడ చూపించింది. "వర్షాలకి గోడ ఇక్కడిదాకా తడిసింది. కొక్ సాంగ్‌ని పిలిచాను. ఇటు సున్నం బాగానే ఉంది, జబ్బు అటునుంచి వస్తోంది, ఆ పూత గీకేస్తే రెండేళ్లలో గోడ ఆరిపోతుంది అన్నాడు. పూజ అవగానే వచ్చి నీకు చెబుదామనుకున్నాను. ఇంతలో నువ్వే వచ్చావు."

స్వీ గైక్ కళ్లు మూసుకుంది. ఆ రోజు ఆమెకు బాగా తెలుసు. పో కిమ్ భర్త పోయిన నలభై తొమ్మిదో రోజు కర్మ. లోపల పూజారులు మంత్రాలు చదువుతున్నారు, పోయినాయనకు చేరాలని కాల్చే కాగితపు ఇల్లు సిద్ధంగా ఉంది. తను అగరొత్తులు పట్టుకుని రాలేదు. కొత్త బీరువా వెనక బూజు పట్టిందని, నీ స్నానాలగది నీళ్లు మా ఇంట్లోకి వస్తున్నాయని గుమ్మంలో నిలబడి అరిచింది. వచ్చినవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. చిన్నప్పుడు ఒకే గొడుగు కింద బడికి వెళ్లిన మనుషులు వాళ్లు.

"తర్వాతైనా చెప్పొచ్చు కదే," అంది. "నెల పోయాక. ఏడాది పోయాక."

"చెబితే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను చూడలేను. క్షమించేస్తాను. నాకు అప్పుడు క్షమించాలని లేదు గైక్." పో కిమ్ గోడ వంకే చూస్తోంది. "ఆయన లేడు. పిల్లలు లేరు. నీ మీద కోపం ఒక్కటే ఇంట్లో నాకు తోడు. ఏటా వర్షాకాలం పోగానే పెన్సిలు తెచ్చి తడి ఎంతవరకు ఎక్కిందో గీత గీసేదాన్ని. చూడు, చూడు, నీ తప్పు ఎంత పెరిగిందో అనుకునేదాన్ని. బాగుండేది అలా అనుకోవడం."

ఆమె ఎడమచేత్తో అట్టడుగు గీత చూపించింది.

"తడి ఇక్కడున్నప్పుడు చెప్పి ఉంటే గోడ బతికేది. నాకు తెలిసే ఊరుకున్నాను. మెట్ల మీద పడి లేవలేక ఉన్నప్పుడు అదే గుర్తొచ్చింది. చెయ్యి నొప్పి తర్వాత తెలిసింది."

స్వీ గైక్ ఏడవలేదు. ఏడుపు వస్తే ఆమెను బలవంతంగా కరిగించినట్టు అవుతుందని బిగపట్టింది. చెయ్యి చాచి కత్తి తీసుకుని, కూరగాయ తరగడం మొదలుపెట్టింది. పో కిమ్ ఈసారి అడ్డు చెప్పలేదు.

"పిన్ని ఎలా ఉంది?" అంది పో కిమ్ కాసేపటికి. చిన్నప్పట్నుంచి అమ్మను ఆమె పిలిచేది అలాగే.

"కుర్చీ వదలడం లేదు."

"పోయిన వారం వెనకసందులో కనబడినప్పుడు దగ్గుతోంది. తేనె ఇచ్చాను. తాగిందా?"

స్వీ గైక్ చెయ్యి ఆగిపోయింది. "నువ్వూ అమ్మా మాట్లాడుకుంటారా?"

"ఇరవై ఒక్క ఏళ్లనుంచీ. నీకు చెప్పొద్దంది."

అప్పుడే గుమ్మంలో నీడ పడింది.

* * *

ఆఫీసరు రొస్లాన్ చెప్పులు బయట విడిచి, "అనుమతి ఇస్తారా" అని మర్యాదగా అడిగి లోపలికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, చంకలో ఫైలు. ఆయన వెనకే హాక్. అక్క పక్కింట్లో మెట్టు మీద కూర్చుని కూరలు తరుగుతుంటే చూసి హాక్ అక్కడే ఆగిపోయాడు.

"మీ తమ్ముడు ఫిర్యాదు ఇచ్చారు," అన్నాడు రొస్లాన్. "ఇందులో మీ సంతకం లేదు. ఈ ఇంట్లో తేమ సంగతి మీకే బాగా తెలుసన్నారు. మీరు కూడా ఇదే చెబుతారా?"

"అక్కా," అన్నాడు హాక్. ఆ ఒక్క మాటే. బతిమాలినట్టుంది.

స్వీ గైక్ కత్తి పక్కన పెట్టి లేచి నిలబడింది.

"అందులో ఉన్నది తప్పండీ. ఆ మాటలు ఇన్నాళ్లూ నేనే చెప్పాను, అందుకే మా తమ్ముడు నమ్మాడు. డెబ్బై నాలుగులో ఈ గోడకు మా వైపు సిమెంటు పూయించింది నేను. మేస్త్రి వద్దన్నాడు. నేను వినలేదు. గోడ చెడింది దానివల్లే. రాసుకోండి."

హాక్ గోడకు చేరగిలబడ్డాడు. రొస్లాన్ ఫైలు తెరిచి రెండు వాక్యాలు రాశాడు. మూడో వాక్యం మొదలుపెడుతుండగా పో కిమ్ అంది.

"కొట్టేయండి అది. ఆవిడ అబద్ధం చెబుతోంది."

రొస్లాన్ పెన్ను ఎత్తాడు.

"స్నానాలగది నాది, నీళ్లు నావి. గొట్టం కారుతోందని నాకు ఇరవయ్యేళ్లుగా తెలుసు, బాగుచేయించలేదు. ఇల్లు నేను ఖాళీ చేస్తాను. వాళ్లింట్లో పెద్దావిడ ఉంది, వాళ్లని కదపకండి."

"కారడం లేదు!" స్వీ గైక్ గొంతు పెరిగింది. "మేస్త్రి తవ్వి చూశాడు. మట్టి పొడిగా ఉంది!"

"డెబ్బై ఎనిమిదేళ్ల ముసలాయనకి ఏం కనబడుతుంది?"

"పో కిమ్, నోర్ముయ్!"

"నా ఇంట్లో నన్ను నోర్ముయ్యమంటావా? ఆయన కర్మనాడు ఒకసారి, ఇది రెండోసారి."

స్వీ గైక్ ఆమె ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో కోపం లేదు, దయా లేదు. అమ్మకోసం చేస్తోందా, లేక స్వీ గైక్‌కి తన తప్పుకు శిక్ష అనుభవించే అవకాశం కూడా దక్కనివ్వకూడదనుకుంటోందా? ఒకప్పుడు ఆ ముఖం చూసి మనసులో మాట చెప్పగలిగేది. ఇప్పుడు ఏమీ తెలియడం లేదు.

రొస్లాన్ ఒకరినుంచి ఒకరి వైపు చూశాడు.

"ఇన్నేళ్ల ఉద్యోగంలో తప్పు నాది కాదన్నవాళ్లనే చూశాను," అన్నాడు. గొంతులో విసుగు లేదు, అలసట ఉంది. "మీ ఇద్దరిలో ఒకరు నిజం చెప్పడం లేదు. ఎవరన్నది నేను తేల్చలేను. సోమవారం ఇంజనీరు వచ్చి రెండువైపులా విప్పి చూస్తాడు. విప్పేటప్పుడు ఏ ఇంట్లోనూ మనిషి ఉండకూడదు."

"అంటే?" అన్నాడు హాక్.

"రెండిళ్లూ ఖాళీ చేయాలి. ఏడు రోజులు కాదు. రేపు సాయంత్రంలోగా. క్షమించండి."

ఆయన ఫైలు కట్టి, చెప్పులు తొడుక్కుని, వసారాలో నాలుగడుగులు నడిచి ఆగాడు. పక్క గుమ్మంలోంచి లోపలికి చూసి ఎవరికో నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

హాక్ ఆయన వెనకే నడిచాడు. అతని అడుగులు సొంతింట్లోకి వెళ్లలేదు. వీధిలోకి వెళ్లిపోయాయి.

పో కిమ్ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నేను అలా అనుకోలేదు," అంది పో కిమ్. "పిన్ని ఉండిపోతుందనుకున్నాను."

గోడకు అటువైపునుంచి దగ్గు వినబడింది. తర్వాత అమ్మ గొంతు, మామూలుగా, పగిలిన చోటులోంచి తేటగా వచ్చింది.

"ఎవరే అక్కడ? గైక్, ఆఫీసరేమన్నాడు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.